చోడవరం వైపు వెళితే: తక్కువ ఖర్చులో ఇంటిల్లిపాదికీ నాటు రుచులు

చోడవరం పాత విశాఖపట్నం జిల్లాలోని ఊరు. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. విశాఖ నుంచి పాడేరు వెళ్లే కుటుంబాలు ఇక్కడ ఆగి టిఫిన్ చేయొచ్చు. చెరకు, బెల్లం, చోళ్లు పండే ప్రాంతం కాబట్టి తిండి కూడా వాటి చుట్టూనే ఉంటుంది.

పొద్దున: చోడి అంబలి
రాగులను ఇక్కడ చోళ్లు అంటారు. చోడి పిండిని రాత్రి నీళ్లలో కలిపి ఉంచి, పొద్దున గంజిలో ఉడికిస్తారు. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఉంటే చాలు. రోడ్డు పక్క బండి మీద దొరికే చవకైన తిండి ఇదే. పిల్లలకైతే పూరీ, బొంబాయి చట్నీ, దిబ్బరొట్టె లాంటివి ఉంటాయి.

మధ్యాహ్నం: భోజనం
నలుగురు వెళితే విడివిడిగా ప్లేట్లు చెప్పేకన్నా ఫుల్ మీల్స్‌కే వెళ్లడం మేలు. అన్నం, పప్పు, కూరలు మళ్లీ అడగొచ్చు. మరీ తక్కువలో కావాలంటే అన్న క్యాంటీన్ ఉన్న పట్టణాల్లో పూటకు 5 రూపాయలే. 2019లో మూతపడిన ఈ క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి.

హలాల్ సంగతి
కోడి, మేక మాంసం అయితే ఎవరు జబహ్ చేశారో అడిగాకే ఆర్డర్ ఇవ్వాలి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. చేపకు జబీహా షరతు లేదు. కానీ చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తున్నారేమో చూసుకోవాలి. అరకు వైపు దొరికే బొంగు చికెన్‌కు నూనె వాడరు. మసాలా పట్టించిన కోడిని పచ్చి వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు. అక్కడ హలాల్ మాంసం లేకపోతే, మనం తీసుకెళ్లింది వండిపెడతారా అని ముందే మాట్లాడుకోవచ్చు.

తీపి: మాడుగుల హల్వా
చోడవరం దాటాక వచ్చే మాడుగులలో ఈ హల్వా వందేళ్లకు పైగా చేస్తున్నారు. నానబెట్టిన గోధుమలను రుబ్బి పాలు తీసి, పంచదార, నెయ్యితో కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కలుపుతారు. పైన జీడిపప్పు, బాదం. హల్వా అనే మాట అరబ్బీదే, తయారీ మాత్రం ఈ ఊరిది. పావుకిలో కొని రుచి చూసి, నచ్చితే ఎక్కువ తీసుకోండి.

ఇంటికి: బెల్లం
అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. మెరిసే పసుపు రంగు చూసి మోసపోవద్దు, రంగు కోసం హైడ్రోస్ కలిపేవాళ్లుంటారు. కాస్త నల్లగా ఉన్న బెల్లమే నయం. ఇంట్లో పెద్దలకు షుగర్ ఉంటే హల్వా, బెల్లం రెండింటికీ హద్దు పెట్టుకోవాలి.