కంచు విగ్రహం చెప్పే చరిత్ర

విద్యార్థులారా! జంగ్లీఘాట్ ఒడ్డున నిలబడితే కనిపించే సముద్రం మన పూర్వులకు అడ్డుగోడ కాదు, రాకపోకల దారి. ఉత్తరాంధ్ర తీరం నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఈ బంగాళాఖాతం మీదుగా మనుషులు, సరుకులతో పాటు కంచు విగ్రహాలు కూడా ప్రయాణించాయి. మీరు ఓడలో చెన్నై వెళ్ళినప్పుడు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో కంచు విగ్రహాల ప్రదర్శన తప్పక చూడండి. అమరావతి, నాగపట్నం బుద్ధ విగ్రహాలు ఆ మ్యూజియం సేకరణలో ఉన్నాయి.

ముందుగా విగ్రహం ఎలా తయారవుతుందో తెలుసుకుందాం. రాగిలో తగరం కలిపితే కంచు వస్తుంది. తగరం చేరితే లోహం తక్కువ వేడికే కరుగుతుంది, గట్టిదనం పెరుగుతుంది. పోత పద్ధతిని మధూచ్ఛిష్ట విధానం అంటారు. మధూచ్ఛిష్టం అంటే తేనెమైనం. శిల్పి మైనంలో గుగ్గిలం కలిపి బొమ్మను తీర్చిదిద్దుతాడు. దానిపై మెత్తటి మట్టిని పలుచగా, తర్వాత ముతక మట్టిని మందంగా పూసి ఆరబెడతాడు. వేడి చేస్తే మైనం కరిగి రంధ్రం గుండా బయటకు పోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి అచ్చును పగలగొట్టి, ఉలితో, ఆకురాయితో మెరుగులు దిద్దుతారు. అచ్చు మిగలదు కాబట్టి అదే అచ్చులో రెండో విగ్రహం రాదు.

లోహం ఎంత కావాలి? 12వ శతాబ్దిలో చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసం, మైనం బరువుకు ఎనిమిది రెట్లు రాగి లేదా ఇత్తడి తీసుకోమంటుంది. ఘన సెంటీమీటరు రాగి సుమారు 8.9 గ్రాములు, మైనం సుమారు 0.96 గ్రాములు తూగుతాయి. భాగించి చూడండి, ఆ లెక్క ఎంత దగ్గరగా ఉందో మీకే తెలుస్తుంది. ఆదిలాబాద్ జిల్లా ఓజా కళాకారులు లోపల మట్టి ముద్ద ఉంచి, దానిపై మైనపు తీగలు చుట్టి నేటికీ డోక్రా బొమ్మలు పోస్తున్నారు. ఆ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక చరిత్రకారుని చిక్కు చూద్దాం. రాతిని కరిగించలేం, కంచును కరిగించి బిందె చేసుకోవచ్చు. అందుకే చాలా పాత విగ్రహాలు మట్టిలో దాగినందువల్లే దక్కాయి. గుంటూరు ప్రాంతంలోని బుద్ధపాడులో దొరికిన బుద్ధ విగ్రహాలు నేడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నాగపట్నంలో 1856 నుండి సుమారు 350 బౌద్ధ కంచు విగ్రహాలు బయటపడ్డాయి. అక్కడ 11వ శతాబ్ది ఆరంభంలో విహారం కట్టించింది సముద్రానికి ఆవలి శ్రీవిజయ రాజులు. వియత్నాంలోని డోంగ్ డువాంగ్‌లో 1911లో దొరికిన బుద్ధుణ్ణి కొందరు పండితులు అమరావతి శైలి అన్నారు, మరికొందరు శ్రీలంకది అన్నారు. కంచు ఓడ ఎక్కగలదు కనుక, దొరికిన చోటే పుట్టిన చోటు అనలేం.

కాబట్టి ఒక ప్రాంతంలో కంచు విగ్రహాలు దొరకలేదంటే అక్కడ శిల్పులు లేరని అర్థం కాదు. మీ ఇంట్లో తాతల నాటి కంచు గిన్నె ఉంటే, పాతసామాను వానికి వేసే ముందు అది ఏ ఊరి నుండి వచ్చిందో పెద్దలనడిగి రాసి పెట్టుకోండి. కరిగిన తర్వాత దాని కథ తెలుసుకోవడానికి ఆధారం ఉండదు.