పులుపు, పప్పు, పెద్దవాళ్ల ఎముకలు



మొన్న మా ఇంటికి వచ్చిన డెబ్బై ఏళ్ల పిన్నిగారు, పప్పు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దమ్మా, ఒంట్లో ఆమ్లం పెరిగి ఎముకలు గుల్లవుతాయట" అన్నారు. పాలూ మానేశారట. చారులో చింతపండు కూడా తగ్గించేశారట. ఈ భయం నిన్న మొన్న పుట్టింది కాదు. దీని వెనక నూరేళ్లు దాటిన కథ ఉంది.

1912లో అమెరికాలో షెర్మన్, గెట్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆహారంలోని ఖనిజాలను లెక్కగట్టి, ఏది ఒంట్లో ఆమ్లాన్ని మిగులుస్తుందో, ఏది క్షారాన్ని మిగులుస్తుందో విడదీశారు. మాంసం, చేపలు, గుడ్లు, ధాన్యాలు ఆమ్లం వైపు. పండ్లు, కూరగాయలు చాలావరకు క్షారం వైపు. చిత్రమేమిటంటే, నాలుకకు పుల్లగా తగిలే నిమ్మపండు కూడా అరిగాక క్షారం వైపే! కనుక నాలుక చెప్పే పులుపు వేరు, ఈ లెక్క వేరు.

1968లో వాక్‌మన్, బెర్న్‌స్టీన్ అనే వైద్యులు "లాన్సెట్" పత్రికలో ఒక ఊహ ప్రకటించారు. ఆ ఆమ్లాన్ని విరిచేందుకు ఎముక ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుతుందేమోనన్నారు. మాంసకృత్తులు ఎక్కువ తిన్నవారి మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతున్న మాట నిజమే. దాంతో ఈ ఊహకు బలం వచ్చింది.

మరి ఆ కాల్షియం ఎముకదేనా? 2009లో కెనడా పరిశోధకులు అంతకుముందు జరిగిన పరీక్షలను ఒక్కచోట చేర్చి, లోపలికి వెళ్లిందెంత, బయటికి పోయిందెంత అని జమాఖర్చు చూశారు. ఒంట్లో కాల్షియం నిల్వ తగ్గినట్టు తేలలేదు. మాంసకృత్తులు పెరిగితే పేగు కాల్షియాన్ని ఎక్కువ పీల్చుకుంటుందని వేరే పరిశోధనల్లో కనిపించింది. రక్తంలో ఆమ్ల క్షారాల తూకాన్ని కాపాడే పని ముఖ్యంగా ఊపిరితిత్తులదీ, మూత్రపిండాలదీ.

కనుక అమ్మలూ, పెద్దవాళ్ల కంచంలోంచి పప్పు, పాలు తీసెయ్యకండి. అవి తగ్గితే కండ నీరసిస్తుంది. కండ నీరసిస్తే కాలు తడబడుతుంది. పడితే ఎముక విరుగుతుంది. తియ్యడం మాని కలపండి: ఇంత ఆకుకూర, ఒక పండు, కాస్త రాగిజావ. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది. రోజూ కాసేపు నడిపించండి. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరుగారి మాటే వినాలి.

ఈ కథంతా విన్నాక పిన్నిగారు కంచం ముందుకు జరిపారు. "అయితే ఓ గరిటెడు వెయ్యి, నెయ్యి మరచిపోకు" అన్నారు.