సన్నని విమానము – సముద్రలంఘనము

నా మనుమఁడు కంప్యూటరుపై విమానసంస్థను నడపు నాట యాడుచుండును. మొన్న వాని సంస్థ యప్పులపాలై, పెద్ద విమానమునకు బదులు, నడుమ నొక్కటే నడవ గల సన్నని విమానమును మహాసముద్రము దాఁటింపఁబోయెను. "దూరమునకు అది చాలదురా" యని వారించితిని. చరిత్ర తిరుగవేయఁగాఁ బొరపాటు నాదేనని తేలినది.

1958 అక్టోబరు 26న పాన్ అమెరికన్ సంస్థ న్యూయార్కునుండి పారిసునకు నడపిన బోయింగు 707 అట్టిదే. నడవ కిరుప్రక్కల మూఁడేసి యాసనములు. దారిలో గాండరుకడ దిగి చమురు నింపుకొన్నది. మన ఎయిర్ ఇండియా 1960లో న్యూయార్కు చేరినదియు నీ జాతి విమానముతోనే. రెండు నడవల బోయింగు 747 ప్రయాణికుల నెక్కించుకొన్నది 1970లోఁ గదా!

పెద్దదానితోఁ జిక్కేమనఁగా, జనము చాలని మార్గమున నది నలుగురికై పెండ్లిబస్సు కట్టించినట్లగును.

2009లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండను నడిబొడ్డునకు దాపుననున్న చిన్న విమానాశ్రయమునుండి న్యూయార్కునకు ఎయిర్‌బస్ 318ని నడపెను. నూఱుమందికిఁ బైగాఁ బట్టు దానిలో 32 ఆసనములే యుంచిరి. ఐనను బాట కుఱుచ యగుటచే నిండు చమురుతో లేవలేక, పోవునపుడు ఐర్లండులోని షానను కడ దిగెడిది. ప్రయాణికుల అమెరికా ప్రవేశపరీక్షయు నక్కడనే ముగిసెడిది. ఆలస్యమున కది చక్కని పరిహారము! తిరుగుదారిలో మాత్ర మాఁగెడిది కాదు. ఆ ప్రయాణములు 2020లో నిలిచిపోయినవి.

2024 నవంబరులో ఐబీరియా సంస్థ మాడ్రిడునుండి బోస్టనునకు నడపిన ఎయిర్‌బస్ 321 ఎక్స్ఎల్ఆర్ కు వెనుకభాగమున నదనపుఁ జమురుతొట్టి కలదు. 8,700 కిలోమీటర్లు పోఁగలదని నిర్మాతల మాట.

"పంపుమురా, ఎదురుగాలికిఁ జమురు లెక్క చూచుకొనుము" అంటిని. వాఁడప్పటికే పంపివైచినాఁడు.