తేనెయు మసకయు: ఒక ప్రాచీన పానీయము తిరిగివచ్చిన కథ

కొత్తదని లోకము మెచ్చుకొను వస్తువులలో పెక్కింటికి పుట్టుక మిక్కిలి పాతది. బీరనగా బంగారు వన్నెతో, గ్లాసున కావలనున్న మనిషి ముఖము కనబడునంత తేటగా ఉండవలెనని నాలుగైదు తరములుగా నమ్మిన పాశ్చాత్య దేశములలో, ఇప్పుడు చిన్న చిన్న బ్రూవరీలవారు వడగట్టని మసక బీరును, అందులోను తేనె చేర్చి పులియబెట్టిన దానిని, క్రాఫ్ట్ బీరు అను పేర అమ్ముచుండగా, రుచి చూచినవారు ఇది నిన్న మొన్నటి కల్పన యని తలచుట సహజమే. కాని చరిత్ర చెప్పునది వేరు. మానవుడు ధాన్యమును పులియబెట్టుట నేర్చిన తొలినాళ్ల నుండియు అతని పానపాత్రలో మసక యుండెను, తరచు తేనెయు నుండెను. నడుమ కొంతకాలము మాత్రము, వేర్వేరు కారణములచేత, ఈ రెండును ఆ పాత్రనుండి వెలివేయబడినవి. ఆ వెలి యెట్లు జరిగినదో, పునఃప్రవేశ మెట్లు కలిగినదో పరిశీలించుట వినోదకరము మాత్రమే కాదు; రుచి యనునది నాలుక యొక్కటే నిర్ణయించు సంగతి కాదని తెలిసికొనుటకు అది మంచి నిదర్శనము.

రాజు సమాధిలోని మడ్డి

తుర్కీ దేశమున అంకారా నగరమునకు నైరృతి దిక్కున, సకార్య నదీప్రాంతమునందు, ఒకప్పుడు ఫ్రిజియా రాజ్యమునకు రాజధానియైన గోర్డియన్ నగర శిథిలములు గలవు. వాని చెంత నేటికిని ఏబది మీటర్లకు పైబడిన యెత్తుతో ఒక మట్టిదిబ్బ నిలిచియున్నది. 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన పురావస్తు శాస్త్రజ్ఞుడు రోడ్నీ యంగ్ ఆ దిబ్బలోనికి సొరంగము త్రవ్వించి, లోపల బలమైన దుంగలతో కట్టిన గదియొకటి చెక్కుచెదరక యుండుటను కనుగొనెను. క్రీ.పూ. 740 ప్రాంతమునాటి ఆ గదిలో అరువది యేండ్లు దాటిన పురుషుని అస్థిపంజరము పరుండియుండెను. తాకినదెల్ల బంగారము చేసెనని గ్రీకులు కథలల్లిన మైడాస్ రాజు తండ్రిదే ఆ సమాధి యని ఇప్పటి పండితులలో పలువురి యభిప్రాయము. విచిత్ర మేమనగా, అంతటి బంగారు కథకు నిలయమైన వంశమువారి సమాధిలో బంగారము కానరాలేదు. కనబడినవి 157 కంచు పాత్రలు: పెద్ద పెద్ద గంగాళములు, సింహముఖమును మేషముఖమును గల చేదలు, చేతిలో నిమిడెడు గిన్నెలు. అంత్యక్రియలనాడు బంధుమిత్రులు కడుపార తిని త్రాగి, ఆ సామగ్రిని కడుగకయే మృతుని చెంత నుంచి తలుపులేని గదిని మూసివేసిరి.

ఆ పాత్రల అడుగున ఎండి అంటుకొనియున్న పసుపుపచ్చని మడ్డిని కాగితపు సంచులలో భద్రపరచి ఫిలడెల్ఫియాకు చేర్చిరి. నలువది యేండ్లు అది అట్లే యుండెను. తరువాత ప్యాట్రిక్ మెక్‌గవర్న్ అను రసాయన పురావస్తు శాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి, ఫలితమును 1999లో ప్రకటించెను. ద్రాక్షలకు గుర్తుగా టార్టారిక్ ఆమ్లము, తేనెకు గుర్తుగా మైనపు అంశములు, బార్లీ బీరునకు గుర్తుగా ఆక్సలేటు సున్నము, ఈ మూడును ఒక్క మడ్డిలోనే దొరకినవి. తేనెను ఎంత వడగట్టినను మైనపు జాడ పూర్తిగా పోదు గనుక, తేనె కరగి మాయమైన తరువాతను, ఇరువదియేడు శతాబ్దములు గడచినను, ఆ మైనమే సాక్ష్యము పలికినది. అనగా ఫ్రిజియనులు త్రాగినది శుద్ధమైన ద్రాక్షాసవము కాదు, శుద్ధమైన బీరును కాదు. ద్రాక్ష, బార్లీ, తేనె మూడును కలిసిన మిశ్రపానము.

ఈ కూడిక కేవలము రాజుగారి విలాసము కాదు, దానికొక లోతైన కారణము గలదు. తేనెలో చక్కెరలు నూటికి ఎనుబది పాళ్లు, నీరు సామాన్యముగ పదునెనిమిది పాళ్లకు మించదు. అంత చిక్కదనములో సూక్ష్మజీవి పెరుగజాలదు గనుకనే తేనె ఏండ్ల తరబడి చెడక నిలుచును. నీరు చేర్చి పలుచన చేసిన తోడనే అందు నిద్రాణముగా నున్న ఈస్టు కణములు మేల్కొని పులియుట నారంభించును. అయితే తేనెలో చక్కెర యున్నంతగా నత్రజని లేదు. అందుచేత ఒంటరి తేనె మిక్కిలి మందముగా పులియును. మొలకెత్తిన బార్లీలో ఆ పోషకములు సమృద్ధిగా గలవు, కాని ఈస్టు తనంతట తాను అక్కడికి చేరుట దైవాధీనము. ఒకదానికి కొరవడినది రెండవది తీర్చుచున్నది గనుక, రసాయనశాస్త్ర మెరుగని కాలమున సయితము ధాన్యమును తేనెయు ఒకే పాత్రలో చేరుటలో ఆశ్చర్యము లేదు.

చైనా నుండి వేల్స్ వరకు

అట్టి చేరికకు సాక్ష్యములు గోర్డియన్‌లో మాత్రమే కాదు. చైనాలోని హెనాన్ రాష్ట్రమున జియాహు అను గ్రామమునందు దొరకిన తొమ్మిది వేల యేండ్ల నాటి కుండపెంకులలో వరి, తేనె, పండ్లు కలిపి పులియబెట్టిన పానీయపు జాడలు గలవని 2004లో తేలినది. డెన్మార్కులో ఎగ్‌ట్వెడ్ అనుచోట 1921లో బయల్పడిన ఓక్ శవపేటికలో, క్రీ.పూ. 1370 వేసవిలో పాతిపెట్టబడిన పదునారు పదునెనిమిదేండ్ల కన్య పాదముల కడ, బర్చి బెరడుతో చేసిన చిన్న బుట్టపాత్ర యుండెను. అందులో ఎండియున్న మడ్డి గోధుమతోను తేనెతోను అడవిపండ్లతోను చేసిన పానీయపు శేషము. రాజునకు మూడు గంగాళములు, పడుచుపిల్లకు ఒక బుట్ట. పరలోక ప్రయాణమునకు ఇరువురికిని తేనె తప్పలేదు.

మన దేశమునకు వచ్చినచో, కౌటిలీయార్థశాస్త్రమున సురాధ్యక్షుని విధులు చెప్పు ప్రకరణములో ఆసవమునకు ఒక పాకము కలదు: నూరు పలముల వెలగపండునకు ఐదువందల పలముల ఫాణితము (చెరకు పాకము), ఒక ప్రస్థము తేనె. ఇందు ధాన్యము లేదు గనుక ఇది బీరు కాదు. కాని తేనెను పులిసెడు ద్రవ్యముగ కొలతపెట్టి వాడు విద్య రాజశాసనమునకు ఎక్కునంతటి ప్రచారము పొందియుండెనని దీనివలన తెలియుచున్నది.

వేల్స్ దేశమున పదవ శతాబ్దపు రాజు హవెల్ ద్దా పేర వెలసిన ధర్మశాస్త్రములో ధాన్యమును తేనెయు కలిసిన పానీయమునకు ధరకట్టు దొరకుచున్నది. ప్రజలు రాజునకు చెల్లించు పానీయపు పన్నులో శుద్ధమైన తేనెమద్యము ఒక తొట్టి యుండవలెను. అది లేనిచో తేనె కలిసిన బీరు, దానిని బ్రాగోడ్ అందురు, రెండు తొట్టులు. అదియు లేనిచో సాదా బీరు నాలుగు తొట్టులు. ఒకటి, రెండు, నాలుగు: ఈ లెక్కయే ఆనాటి తేనె విలువను చెప్పుచున్నది. తేనె ధనికుని సొత్తు, ధాన్యము సామాన్యుని సొత్తు, ఆ రెండును కలిసినది మధ్యతరగతి మర్యాద.

వెలి యెట్లు పడినది

1516 ఏప్రిల్ 23వ తేదీన ఇంగోల్‌స్టాట్ నగరమున బవేరియా ప్రభువులు విల్హెల్ము, లుడ్విగులు ఒక శాసనము చేసిరి: బీరునకు బార్లీ, హాప్ పూలు, నీరు తప్ప అన్యద్రవ్యము కూడదు. దీనిని ఇప్పుడు శుద్ధి శాసనమని గొప్పగా చెప్పుకొందురు గాని, అందులో అధికభాగము బీరు ధరను కట్టడిచేయుటకు సంబంధించినది; గోధుమలను రొట్టెలకు మిగుల్చుటయు దాని పరమార్థములలో ఒకటియని చరిత్రకారులు చెప్పుదురు. ఏది యెట్లైనను, ఆ మూడు పేర్లలో తేనె లేదు. 1906లో ఈ నియమము యావజ్జర్మనీకి వర్తించెను. హాప్ పూల చేదు వచ్చిన పిమ్మట నిలువకు వేరు దినుసుల యవసరము తగ్గెను. వెస్టిండీసు దీవుల చెరకుచక్కెర అగ్గువయైన పిమ్మట తీపికి తేనె యవసరమును తగ్గెను. శాసనము తరుమని చోట్ల సంత తరిమినది.

మసకకు పట్టిన గతి వేరు. ప్రాచీనులు మసకను సహించిరే గాని కోరలేదు. క్రీ.పూ. 401లో పర్షియానుండి వెనుదిరిగిన గ్రీకు సేనతో ఆర్మేనియా కొండపల్లెలలో విడిసిన క్జెనొఫోను, అచ్చటి బార్లీ మద్యమును వర్ణించుచు, గింజలు పాత్ర అంచువరకు తేలుచుండెననియు, కణుపులు లేని రెల్లుగొట్టములతో పీల్చి త్రాగవలసి వచ్చెననియు, నీరు కలుపనిచో మిక్కిలి ఘాటనియు, అలవాటుపడినచో ఇంపనియు వ్రాసెను. ఊర్ నగరమున క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది నాటి రాణి పువాబి సమాధిలో బంగారు గొట్టము దొరకుటకు కారణమును ఇదియే. గోర్డియన్‌లోనే కొమ్ముమొదట జల్లెడరంధ్రములు గల మట్టిచెంబులు దొరకినవి. త్రాగువారు పొట్టును మడ్డిని ఆపుటకు యథాశక్తి యత్నించుచుండిరన్నమాట.

ఆ యత్నము పందొమ్మిదవ శతాబ్దమున సఫలమైనది. 1842లో బొహీమియాలోని ప్ల్జెన్ పట్టణమున జోసెఫ్ గ్రోల్ అను బవేరియా బ్రూమాస్టరు లేత బంగారు రంగు బీరును తీసెను. అదే కాలమున గాజుపాత్రలు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చుచుండెను. మట్టిముంతలోను తగరపు చెంబులోను త్రాగినంతకాలము తేటతో నెవరికిని పనిలేదు. గాజులో పోసినప్పుడు తేట యొక గుణమైనది, మసక యొక దోషమైనది. 1878లో లోరెంజ్ ఎన్‌జింగర్ బీరు వడపోత యంత్రమును కనిపెట్టగా, ఆ దోషమును సంపూర్ణముగ తొలగించుట కర్మాగారములకు చేతనైనది. అటుపిమ్మట నూరేండ్లు బీరనగా తేటయే.

పునఃప్రవేశము

తేనె తిరిగివచ్చిన దారి గృహస్థుల వంటిండ్లగుండ పోయినది. అమెరికాలో ఇంటివద్ద బీరు చేసికొనుటకు కేంద్రప్రభుత్వము 1978లో అనుమతినిచ్చిన తరువాత, కొలరాడో రాష్ట్రపు చార్లీ పపాజియన్ వ్రాసిన మార్గదర్శక గ్రంథము ఆ విద్యార్థులకు పాఠ్యపుస్తకమైనది; అందు తేనె బీరునకు పాకము కలదు. 2000 సంవత్సరము మార్చిలో ఫిలడెల్ఫియాలో జరిగిన విందులో మెక్‌గవర్న్ తన సమాధి మడ్డి కథను వినిపించి, ఆ పానీయమును తిరిగి సృజింపుడని బ్రూవరీలవారిని ఆహ్వానింపగా, డెలవేరులోని డాగ్‌ఫిష్ హెడ్ సంస్థాపకుడు సామ్ కలజియోనీ బార్లీ, తేనె, మస్కట్ ద్రాక్ష చేర్చి, చేదుకై కుంకుమపువ్వు వేసి ‘మైడాస్ టచ్’ అను బీరును తీసెను. కుంకుమపువ్వు మాత్రము మడ్డి పచ్చదనమును చూచి చేసిన ఊహ. 2011లో వైట్‌హౌస్ దక్షిణపు పచ్చికపై నుంచిన తేనెపట్టు పెట్టెల తేనెతో అధ్యక్షుని వంటవారు బీరు చేసిరి; మరుసటి యేడు దాని పాకమును ప్రజలకు ప్రకటించిరి.

మసక తిరిగివచ్చినది వెర్మాంట్ రాష్ట్రమునుండి. వాటర్‌బరీ అను చిన్న ఊరిలో జాన్ కిమ్మిక్ 2004లో తొలిసారి చేసిన ‘హెడీ టాపర్’ వడగట్టని బీరు. 2011 ఆగస్టులో ఐరీన్ తుఫాను వరదలో అతని పానశాల మునిగిపోగా, అదే వారము మరొక చోట ఆ బీరు డబ్బాలలో కెక్కి ఊరు దాటినది. గ్లాసులో పోయక డబ్బానుండియే త్రాగుడని దానిపై అచ్చువేయించిరి. గాజు తెచ్చిన తేటపిచ్చిని లోహపు డబ్బా వెనుకకు నెట్టినదని చెప్పినను తప్పులేదు. 2018లో అమెరికా బ్రూవరీల సంఘము మసక బీరును ప్రత్యేక జాతిగ తన పట్టికలో చేర్చుకొనెను.

గ్లాసులో ఏమున్నది

ఇట్టి బీరును పోసినప్పుడు మనవారికి మొదట తోచునది కల్లే. కాని కల్లు మసక బ్రతికియున్న ఈస్టు, బాక్టీరియా కణములది, గంటగంటకు పుల్లనగును. మసక బీరులోని మసకలో ముఖ్యభాగము ఓట్స్, గోధుమల మాంసకృత్తులును, పులియు సమయమున విస్తారముగ వేసిన హాప్ పూల పాలీఫినాలులును పెనవేసికొని తేలుట వలన పుట్టినది. నాలుకకు అది నునుపుగ, కొంచెము బరువుగ తగులును.

తేనె బీరని విని తీపి నాశించినవాడు తప్పక ఆశ్చర్యపడును. తేనె చక్కెరలు దాదాపు పూర్తిగ ఈస్టునకు ఆహారమైపోవును; బార్లీ రసములోని చక్కెరలలో కొంతభాగము మిగులును గాని తేనెలోనిది మిగులదు. అందుచేత తేనె ఎక్కువైనకొలది బీరు తీపెక్కదు సరికదా, మరింత పలుచనై పొడిగ ముగియును. మిగులునది గంధము మాత్రమే, అదియు తేనె తెచ్చిన పువ్వు గంధము. మరగు రసములో తేనెను ముందుగ పోసినచో ఆ గంధము ఆవిరితో పోవును గనుక, తెలిసినవారు పొయ్యి దించిన తరువాతనో, పులియుట సాగుచుండగనో చేర్తురు. కడు చల్లగ త్రాగువానికి ఇదేమియు తెలియదు. గ్లాసు చేతివేడికి కొంచెము వెచ్చబడిన పిమ్మటనే మొదట ముక్కునకు తేనె, తరువాత నాలుకకు ధాన్యపు నునుపు, చివరకు చేదులేని పొడిదనము వరుసగ తెలియవచ్చును.

ఇంతమాత్రముచేత మనము ఫ్రిజియా రాజు త్రాగినదే త్రాగుచున్నామని మురియుట తగదు. అతనికి తేనె భోగము, మసక విధి. జల్లెడచెంబు చేతబట్టి ఆ విధిని తప్పించుకొన జూచెను. మనకు తేనె అంగడి సరకు. మసకయో, తేటపరచు యంత్రము ఎదుటనున్నను కోరి నిలుపుకొన్న భోగము. ద్రవ్యములు అవియే, వాని అంతస్తులు మాత్రము తారుమారైనవి. బవేరియా ప్రభువు, చెరకుతోట యజమాని, గాజు పనివాడు, వడపోత యంత్రకారుడు, తుఫానులో పానశాలను పోగొట్టుకొన్న బ్రూమాస్టరు, వీరందరును తలా యొక చేయి వేసినగాని ఒక గ్లాసెడు బీరునకు ఈ రూపము రాలేదు. ఏది శుద్ధమో, ఏది దోషమో ఆయా కాలమునకు చేతనైన పనియే నిర్ణయించును. నాలుక ఆ నిర్ణయమునకు పిమ్మట అలవాటుపడును.