మూసీ ఒడ్డున సంభావ్యత: ఒక సింహావలోకనం

సాంఖ్యక శాస్త్రం మన పిల్లలకు నాణేలు, పాచికలు, సంచిలోని రంగు బంతులతో మొదలవుతుంది. అందులో తప్పేమీ లేదు. కానీ నమూనా, దోషం, సంభావ్యత, స్వతంత్ర ఘటన లాంటి మాటలకు హైదరాబాద్ పాతబస్తీ చరిత్రలోనే ప్రాణాలతో ముడిపడిన ఉదాహరణలున్నాయి. అవి పాఠ్యపుస్తకాలకు ఎక్కకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నిజాం రాజ్యంలో తొలి జనగణన 1881లో జరిగింది. తేలిన జనాభా 98,45,594. ఒకట్ల స్థానం దాకా ఉన్న అంకెను చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. అయితే పరదా పాటించే ఇళ్లలో ఆడవాళ్లు ఎందరు, వాళ్ల వయసెంత అన్నది ఇంటిపెద్ద చెప్పిందే లెక్క. కొందరినే ఎంచుకోవడం వల్ల వచ్చే దోషం వేరు, అడగడంలో చెప్పడంలో దొర్లే దోషం వేరు. అందరినీ లెక్కపెట్టినా ఈ రెండోది పోదు.

అసలు కథ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఉంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రికి అది పూర్వరూపం. క్లోరోఫాం మత్తులో రోగి ఉన్నట్టుండి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఆనాటి వైద్యలోకాన్ని రెండుగా చీల్చిన ప్రశ్న ఇది. ముందు ఊపిరే ఆగుతుందని, దాన్ని కనిపెట్టుకుని ఉంటే భయం లేదని రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నమ్మాడు. 1888లో కుక్కల మీద ప్రయోగాలు చేయించి అదే తేల్చాడు. లండన్ వైద్య పత్రిక ‘లాన్సెట్’కు నమ్మకం చిక్కలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, వాళ్ల మనిషినే పంపి చూసుకోమన్నాడు. 1889లో పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. హైదరాబాద్ కమిషన్ పేరుతో కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు కలిపి 500కు దగ్గరగా జంతువుల మీద పరీక్షలు జరిగాయి. గుండె నేరుగా ఆగే ప్రమాదం లేనే లేదని తీర్పు వెలువడింది.

ఇక్కడ కాస్త ఆగి లెక్క వేద్దాం. గుండె హఠాత్తుగా ఆగే ముప్పు 3,000కు ఒకటి అనుకుందాం. 500 సార్లు మత్తు ఇచ్చినా అలాంటి చావు ఒక్కటీ కనబడకుండా ఉండే సంభావ్యత 85 శాతం. అంటే కమిషన్ చూడకపోవడంలో వింతేమీ లేదు. 500లో సున్నా వస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది ఇంతే: ముప్పు సుమారు 170కి ఒకటి కంటే తక్కువ. అక్కడి నుంచి ‘లేనే లేదు’ దాకా పోవాలంటే చాలా దూరం ఉంది. పైగా ప్రాణం పోయేదాకా మోతాదు పెంచి చేసిన ప్రయోగాల్లో, తేలికపాటి మత్తులో వచ్చే చావు బయటపడే అవకాశం ఇంకా తక్కువ. 1911లో ఎ.జి. లెవీ పిల్లుల మీద సరిగ్గా దాన్నే చూపించాడు: తేలిక మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదు. హైదరాబాద్ కమిషన్‌ది చిత్తశుద్ధి లేని పని అనను; ఊపిరిని జాగ్రత్తగా గమనించమన్న దాని సలహా మంచిదే. కనబడనిదాన్ని లేనిదిగా లెక్కగట్టడమే దాని లోపం.

ఒక నమూనా నుంచి ఎంత కచ్చితత్వం రాబట్టగలం అన్నదానికి 1945లో గణితంగా హద్దు గీసినవాడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువాడు, సి.ఆర్. రావు. క్రామర్–రావు అసమానతగా అది ప్రపంచమంతా తెలుసు. ఎంత తెలివైన సూత్రం వాడినా, నిష్పాక్షికంగా అంచనా కట్టాలంటే ఆ హద్దు కంటే తక్కువ విచలనం సాధ్యం కాదు. దాన్ని గుర్తిస్తూ 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారం ఆయనకు దక్కింది. ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.

నమూనా సంగతి అలా ఉంచి స్వతంత్ర ఘటనల దగ్గరికి వద్దాం. 1908 సెప్టెంబర్ 28. మూసీ నది ఉప్పొంగి సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూడా కొట్టుకుపోయింది. దాని ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారు. మరుసటి ఏడాది వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన ఉన్న చెరువుల లెక్క తీశారు. మొత్తం 788, తెగినవి 221.

నాకు ఈ రెండు అంకెలే ఒక పూర్తి పాఠం. ఒక్కో చెరువు ఏడాదిలో తెగే సంభావ్యత నూటికి ఒకటని, దేని దారి దానిదేనని అనుకుంటే, తెగేవి సగటున 8. ప్రామాణిక విచలనం 3 లోపే. 20 తెగడమే అరుదు, 221 అన్నది ఊహకే అందదు. మరి ఎలా జరిగింది? అవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగిన నీరు కింది చెరువు కట్ట మీద పడుతుంది, అది తెగితే ఇంకా కిందిదాని మీద. పైగా అన్నింటి మీదా కురిసింది ఒకే వాన. స్వతంత్ర ఘటనలకే చెల్లే గుణకార సూత్రం ఇక్కడ పనికిరాదు. వరదల సంభావ్యతను చెప్పే పరిభాష విశ్వేశ్వరయ్య నాటికి లేదు. వరదల పౌనఃపున్యం మీద ఫుల్లర్ వ్యాసం 1914లో, పునరాగమన కాలం మీద గుంబెల్ వ్యాసం 1941లో వచ్చాయి. ఆయన మాత్రం సగటు వానను పక్కనపెట్టి విపరీతమైన వానకే ఎగువన జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

హైదరాబాద్ సగటు వార్షిక వర్షపాతం సుమారు 80 సెంటీమీటర్లు. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబర్‌లో 19 సెంటీమీటర్లు పడింది. ఇలాంటప్పుడు ‘వందేళ్లకోసారి వచ్చే వాన’ అంటుంటారు. ఒకసారి వచ్చింది కాబట్టి ఇక తొంభై తొమ్మిదేళ్లు నిశ్చింత అని దాని అర్థం కాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒక వంతు అవకాశం ఉందని అర్థం. ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం, వందేళ్లలో 63 శాతం. ఇల్లు కొనే కుటుంబానికి చెప్పాల్సింది ఈ 26 శాతం గురించే.

2020 అక్టోబర్ 13న కురిసిన వానకు చెరువులు నిండిపోయాయి. 17 రాత్రి మళ్లీ వాన పడి బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగింది. హఫీజ్ బాబా నగర్ మునిగింది. రెండో వాన మొదటిదానికన్నా చిన్నదే. చెరువు అప్పటికే నిండి ఉంటే కట్ట తెగే సంభావ్యత ఎంత? షరతుతో కూడిన ఆ లెక్కను గొలుసులోని ప్రతి చెరువుకూ కట్టి, కింది బస్తీలవాళ్లకు వానాకాలానికి ముందే తెలుగులోనూ ఉర్దూలోనూ అందజేయాలి.