ఒక బాలుని కండ్లజోడు

మనుష్యుని నడవడిని శాస్త్రరీత్యా మార్చుట సాధ్యమా? 1964లో వుల్ఫ్, రిస్లే, మీస్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన వ్యాసమొకటి దీనికి సమాధానమిచ్చినది.

వాషింగ్టన్ రాష్ట్రమున మూడున్నరేండ్ల ఆటిజం బాలునికి, శుక్లముల మూలమున, కంటి కటకములు తీసివేసియుండిరి. ఆరు నెలలలో జోడు ధరింపనిచో నడిమి చూపు శాశ్వతముగా పోవునని వైద్యులు హెచ్చరించిరి. బాలుడు జోడు పెట్టనీయడు. అందుచే మొదట అద్దములు లేని చట్రమును తాకినంతనే తినుబండారపు ముక్క యిచ్చిరి. పిదప కంటిదాపునకు తెచ్చిననే యిచ్చిరి. మిఠాయి, పండ్లు పనిచేయకపోగా ఉదయపు భోజనమునే ముద్దముద్దగా బహుమానము చేసిరి. తుదకు బాలుడు దినమునకు సుమారు 12 గంటలు జోడు ధరించెను.

1968లో వుల్ఫ్ సంపాదకుడుగా అనువర్తిత ప్రవర్తన విశ్లేషణకు ప్రత్యేక పత్రిక వెలసెను. పసివాని ఆకలిని సాధనముగా వాడవచ్చునా యని నేటివారు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే, నాటి ఆరు నెలల గడువును నిజమే.