చెత్త కవరు నుంచి బూటు అడుగు దాకా

కెనడాలోని వాంకూవర్ నగరంలో, ఊరి చెత్త అంతా పెద్ద లారీలకు ఎక్కేముందు ఒకచోటికి చేరుతుంది. బడిలో చదువుకుంటున్న రోజుల్లో మిరాండా వాంగ్, జీనీ యావ్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు అక్కడికి వెళ్ళారు. అక్కడి కుప్పల్లో ఎటు చూసినా ప్లాస్టిక్కే. ఇదంతా చివరికి ఏమవుతుంది అన్న ప్రశ్న వాళ్ళను పట్టుకుంది. దాన్ని వాళ్ళు ఏళ్ళ తరబడి వదలకపోవడం వల్లనే ఈ కథ పుట్టింది.

మొదట వాళ్ళ చూపు థాలేట్ల మీద పడింది. గట్టిగా ఉండే పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తగా, వంగేలా చేయడానికి కలిపే రసాయనాలివి. ప్లాస్టిక్‌లో కలిసి ఉంటాయే గానీ దానితో రసాయన బంధం ఏర్పరచుకోవు. అందుకే మెల్లగా బయటికి కారి మట్టిలోకి, నీళ్ళలోకి, చివరికి మన ఒంట్లోకి చేరతాయి. హార్మోన్ల పనిని ఇవి దెబ్బతీస్తాయన్న ఆందోళనతో చాలా దేశాలు పిల్లల బొమ్మల్లో కొన్ని థాలేట్ల వాడకాన్ని కట్టడి చేశాయి.

కాలుష్యం ఉన్నచోటే దాన్ని తిని బతకడం నేర్చుకున్న సూక్ష్మజీవులు ఉండవచ్చని ఆ అమ్మాయిలు అనుకున్నారు. ఫ్రేజర్ నది ఒడ్డున మట్టి నమూనాలు సేకరించారు. వాటిలోని బ్యాక్టీరియాకు తిండిగా థాలేట్ తప్ప మరే కార్బన్ పదార్థమూ అందకుండా చూశారు. థాలేట్‌ను అరిగించుకోగలిగినవి బతికాయి, మిగతావి పోయాయి. పద్ధతి సూక్ష్మజీవ శాస్త్రంలో పాతదే. దాన్ని ఈ పనికి పెట్టింది మాత్రం ఇంకా కాలేజీ గడప తొక్కని పిల్లలు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు లిండ్సే ఎల్టిస్ తన ప్రయోగశాలలో వాళ్ళకు చోటిచ్చాడు. 2012లో కెనడా శానోఫీ బయోజీనియస్ పోటీలో ఈ పనికి బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది టెడ్ వేదిక మీద నిలబడి ఇద్దరూ తమ బ్యాక్టీరియా గురించి ప్రపంచానికి చెప్పారు.

చాలా బడి ప్రాజెక్టుల కథ ఇక్కడితో ముగుస్తుంది. బహుమతి వస్తుంది, ఫొటో పేపర్లో పడుతుంది, అట్టముక్కల నమూనా అటకెక్కుతుంది. వీళ్ళు మాత్రం తమ పనిలోని వెలితిని గుర్తించారు. వాళ్ళ బ్యాక్టీరియా తిన్నది ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాన్నే, ప్లాస్టిక్‌ను కాదు. కుప్పలు కుప్పలుగా పేరుకుపోయే అసలు పదార్థం అలాగే మిగిలి ఉంది.

వాంగ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, యావ్ టొరంటో విశ్వవిద్యాలయంలో చేరారు. ఊళ్ళు వేరైనా పని ఆగలేదు. 2015లో ఇద్దరూ కలిసి బయోసెలెక్షన్ అనే కంపెనీ మొదలుపెట్టారు. పేరులోనే జీవశాస్త్రం ఉంది, ఆశ కూడా దాని మీదే. మార్పులు చేసిన బ్యాక్టీరియాతో ప్లాస్టిక్‌ను విరగ్గొట్టి, పనికొచ్చే పదార్థాలు తీయాలన్నది ఆలోచన. ఆ దారిలో పోగా పోగా ఒక గట్టి అడ్డంకి ఎదురైంది. దాని పేరు పాలిథిన్.

పాలిథిన్ కథ 1933లో ఇంగ్లండ్‌లో మొదలైంది. ఐసీఐ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఇథిలీన్ వాయువును విపరీతమైన పీడనంలో ఉంచి వేరే ప్రయోగం చేస్తుండగా, పాత్రలో మైనం లాంటి తెల్లటి పదార్థం తేలింది. అనుకోకుండా దొరికిన ఆ పదార్థమే ఈనాడు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా తయారవుతున్న ప్లాస్టిక్. మన పాల ప్యాకెట్టూ, కూరగాయల కవరూ అదే. దాని అణువు కార్బన్ వెంట కార్బన్ వేలకొద్దీ వరసగా అల్లుకున్న గొలుసు, చుట్టూ హైడ్రోజన్ తప్ప మరొకటి లేదు. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించిన ఇడియోనెల్లా సకాయెన్సిస్ అనే బ్యాక్టీరియా నీళ్ళ సీసాల ప్లాస్టిక్ పెట్‌ను తినగలుగుతోందంటే, పెట్ గొలుసులో మధ్యమధ్య ఆక్సిజన్‌తో కూడిన ఎస్టర్ బంధాలున్నాయి గనక. ఎంజైము కత్తెర వేసేది అక్కడే. పాలిథిన్‌లో అలాంటి చోటే లేదు. ఎక్కడా అతుకు లేని గోడకు గునపం ఎక్కడ దించాలో తెలియనట్టుంటుంది దాన్ని విరగ్గొట్టాలనుకునే ఎంజైము పరిస్థితి.

ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే మలుపు ఇక్కడే ఉంది. బ్యాక్టీరియా వల్లనే ఆ ఇద్దరికీ పేరొచ్చింది, బహుమతులొచ్చాయి, పెట్టుబడి వచ్చింది. అయినా పరిశ్రమకు కావలసిన వేగం దానితో రాదని తేలాక దాన్ని పక్కన పెట్టి, రసాయన శాస్త్రం వైపు తిరిగారు. తమకు పేరు తెచ్చిన జవాబును వదులుకోగలిగారు, ప్రశ్నను మాత్రం వదల్లేదు.

కొత్త దారి ఆక్సీకరణ. పాలిథిన్ గొలుసు మీద వేడితో, ఆక్సిజన్ చర్యతో దాడి చేస్తే అక్కడక్కడా తెగుతుంది, తెగినచోట ఆక్సిజన్ చేరుతుంది. ఎక్కడా పట్టులేని గొలుసు, రెండు చివరలా ఆమ్ల సమూహాలున్న చిన్న ముక్కలుగా మారుతుంది. వీటిని డైకార్బాక్సిలిక్ ఆమ్లాలంటారు. నాలుగు కార్బన్లుంటే సక్సినిక్, ఐదుంటే గ్లుటారిక్, ఆరుంటే అడిపిక్ ఆమ్లం. రెండు చివరలా పట్టు ఉంది కాబట్టి వీటిని మళ్ళీ కొత్త గొలుసులుగా కట్టవచ్చు.

వీటిలో అడిపిక్ ఆమ్లం నైలాన్ పరిశ్రమకు ప్రాణం లాంటి ముడిసరుకు. మామూలుగా దాన్ని పెట్రోలియం నుంచే తీస్తారు. ఆ క్రమంలో వెలువడే నైట్రస్ ఆక్సైడ్ భూమిని వేడెక్కించడంలో అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు పైగా ప్రభావం చూపుతుంది. చెత్త కవర్ల నుంచి ఇలాంటి ఆమ్లాలు రాబట్టగలిగితే ఒక్క పనితో రెండు కష్టాలు తగ్గుతాయి.

చెత్తకు వెల పెంచడమే ఈ ఆవిష్కరణ అసలు బలం. మన వీధుల్లో చెత్త ఏరుకునేవాళ్ళ బస్తాలో ఖాళీ సీసాలుంటాయి, విరిగిన బకెట్లుంటాయి, ఇనుప ముక్కలుంటాయి. పల్చటి కవర్లు అరుదు. కిలో బరువు తూగాలంటే వందల కవర్లు ఏరాలి, అంటిన మట్టి, మిగిలిన కూర వదిలించాలి. ఇంత చేసినా పాత సామాన్ల కొట్టులో చేతికొచ్చేది చాలా తక్కువ. కరిగించి మళ్ళీ కవరు చేస్తే నాణ్యత పడిపోతుంది, కొత్త పాలిథినే చవగ్గా దొరుకుతుంది. 2015 వరకు మనిషి తయారుచేసిన ప్లాస్టిక్ సుమారు 830 కోట్ల టన్నులనీ, అందులో చెత్తగా మారినదానిలో మళ్ళీ వాడకంలోకి వచ్చింది దాదాపు 9 శాతమేననీ 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం లెక్కగట్టింది. ఎవరికీ లాభం లేని పనిని ఎన్ని నినాదాలు రాసినా ఎవరూ చేయరు. కవరుతో కవరే చేయాలన్న పట్టు వదిలి, అంతకంటే ఎంతో ఖరీదైన పదార్థం చేయాలనుకోవడం వాంగ్, యావ్‌ల తెలివి.

ఆ పదార్థం థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్, వాడుకలో టీపీయూ. రబ్బరులా సాగుతుంది, ప్లాస్టిక్‌లా అచ్చుపోయవచ్చు, అరుగుదలను తట్టుకుంటుంది. ఫోన్ కేసులకూ, కార్ల లోపలి భాగాలకూ, బూట్ల అడుగులకూ వాడతారు. చెత్త నుంచి వచ్చిన ఆమ్లాలను ఆల్కహాల్ జాతి పదార్థాలతో కలిపి పాలియాల్‌గా మార్చి, దానికి ఐసోసయనేట్లతో చర్య జరిపితే టీపీయూ తయారవుతుంది.

2018లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వాంగ్‌ను ఉత్తర అమెరికా నుంచి యువ భూ రక్షకురాలిగా ఎంపిక చేసింది. 2019లో ఆమెకు రోలెక్స్ అవార్డు దక్కింది. తర్వాత కంపెనీ నోవోలూప్ అని పేరు మార్చుకుంది. 2022లో స్విట్జర్లాండ్ బూట్ల కంపెనీ ఆన్ తన క్లౌడ్‌ప్రైమ్ నమూనా బూటు అడుగుకు నోవోలూప్ పదార్థాన్ని వాడింది. ఆ తర్వాత ఈ ప్రయాణం మన దేశానికీ వచ్చింది. సూరత్‌కు చెందిన ఏథర్ ఇండస్ట్రీస్‌తో కలిసి అక్కడ ఒక ప్రదర్శన కర్మాగారం నెలకొల్పారు.

పని పూర్తయిపోయిందని ఎవరూ అనుకోకూడదు. టీపీయూలో చెత్త నుంచి వచ్చేది ఒక భాగమే, ఐసోసయనేట్ ఇంకా పాత పరిశ్రమ నుంచే రావాలి. ఈ చర్యలకు శక్తి ఖర్చవుతుంది. బూటు అరిగిపోయాక దాని గతేమిటన్నది మరో లెక్క. అన్నిటికీ మించి, ఏటా తయారయ్యే ప్లాస్టిక్ ముందు ఏ ఒక్క కర్మాగారమైనా చిన్నదే. అందుకే వాడకం తగ్గించడం మన వంతు పనిగా ఉండనే ఉంది. కానీ ఇప్పటికే పేరుకున్న కవర్లకు ఒక వెల ఏర్పడిన రోజున, వాటిని ఏరేవాళ్ళ కూలి కూడా పెరిగే అవకాశం ఉంటుంది. నా మనసుకు అది చిన్న విషయం కాదు.

మన దగ్గరా బడి పిల్లల ఆలోచనలకు కొరత లేదు. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మనక్ పథకం కింద ఎంపికైన పిల్లలకు నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఏటా అందులో పోటీ పడుతున్నారు. డబ్బు అవసరమే. దానితోపాటు, ప్రదర్శన ముగిసిన మర్నాడు కూడా ఆ పిల్లను లోపలికి రానిచ్చే ప్రయోగశాల ఒకటి, పిల్ల అడిగిన ప్రశ్నను పెద్దవాళ్ళ ప్రశ్నంత గౌరవంగా వినే ఆచార్యుడు ఒకరు కావాలి. వాంగ్‌కూ యావ్‌కూ సరైన వయసులో ఆ రెండూ దొరికాయి. మన విశ్వవిద్యాలయాలు తమ చుట్టుపక్కల బడుల్లోని పిల్లలకు ఆ తలుపు తెరవడానికి కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. ఆ పని ఈ విద్యా సంవత్సరమే మొదలుపెట్టవచ్చు.